రెండు చేతులూ తాడు మీదే

రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే ప్రెస్సు కిందికి దిగుతుంది. ఒక చెయ్యి తీస్తే సగంలో ఆగిపోతుంది. చిక్కమునియప్ప రెండు అరచేతులూ ఆనించి నొక్కాడు. ధడేల్. రేకు వంగింది. తీసి ట్రేలో వేశాడు. కొత్త రేకు పెట్టాడు. మళ్ళీ రెండు చేతులు. ధడేల్. బొమ్మసంద్రలోని ఆ షెడ్డులో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన చేస్తున్న పని ఇదే.

మొదట్లో బటన్లు లేవు. కాలితో తొక్కే పెడలు ఉండేది. ఆ పెడలు కాలంలోనే ఆయన కుడిచేతి నడివేలు మొదలంటా పోయింది. ఆ తరవాత బటన్లు వచ్చాయి. చేతులు రెండూ పనిలో ఉంటే తప్పు చేయడానికి మిగలవు. ఆ ముక్క ఆయన బుర్రలో దిగబడిపోయింది. చాలా ఏళ్ళకి ఇంకోచోట పనికొచ్చింది.

పొట్టి మనిషి. మెడ వెనక ఎండకి కమిలి, ముడతలు పడి, ఎండిన చెరువు నేలలా ఉంటుంది. ఉదయం ఆరింటి షిఫ్టుకి వచ్చినప్పటినుంచీ ఎడమ భుజంలో ఏదో లాగుతోంది. పదకొండింటికి చొక్కా తడిసిపోయింది.

సూపర్‌వైజర్ నర్సింహులు పక్కకొచ్చి నిలబడ్డాడు. మహబూబ్‌నగర్ కుర్రాడు. ఈయన కంటే పాతికేళ్ళు చిన్న.

"అన్నా, ఏందా చెమటలు? దవాఖానకు పో. నేను గేట్‌పాస్ రాసిస్త."

"గ్యాసప్పా. పొద్దున చిత్రాన్నం తింటి. సోడా తాగితే పోతాది."

"సోడాతోటి అన్నీ పోతయా?"

"మూడున్నరకి మ్యాచ్ ఉండాది. అది అయినాక పోతా."

"మ్యాచ్ ఆడేది పిల్లలు గదనే. నువ్వు లేకపోతే ఆడరా?"

"పిల్లోళ్ళు ఆడుకుంటారు," అన్నాడు చిక్కమునియప్ప, రేకు సర్దుతూ. "పెద్దోళ్ళని ఎవురు చూసుకుంటారు?"

నర్సింహులు నవ్వి వెళ్ళిపోయాడు. అందులో నవ్వాల్సిందేమీ లేదని అతనికి తెలీదు.

రెండింటికి షిఫ్టు దిగి, మోపెడ్ మీద ఇంటికి వెళ్ళి, రెండు ముద్దలు తిని మిగతాది వదిలేశాడు. భార్య బాలమ్మ కంచం చూసింది. మొగుడి మొహం చూసింది. ఆయన మైదానంలో గీతలు వేసే సున్నం డబ్బా తీసుకుని బయటికి నడవగానే కొడుక్కి ఫోన్ చేసింది. "మీ నాయన చెప్తే వినేటోడు కాదు. నువ్వే పోయి బండి మీద ఆస్పత్రికి పిల్చుకోని పో."

కొడుకు దర్శన్ ఎలక్ట్రానిక్ సిటీలో ఏసీ మెకానిక్. ముప్పై మూడేళ్ళు. ప్రతి ఆదివారం పళ్ళు పట్టుకుని, కుడి కాలు కొంచెం ఈడుస్తూ వస్తాడు, టీ తాగుతాడు, వెళ్ళిపోతాడు. మర్యాదకి లోటు లేదు. ఒక్కటే. తండ్రి ఉన్న గదిలో ఎప్పుడు కూర్చున్నా వీపు గోడకి ఆనించే కూర్చుంటాడు. ఇరవై ఏళ్ళుగా తండ్రికి వీపు చూపించలేదు.

దానికి కారణం ఒక్క మాట. అది చిక్కమునియప్ప నోటి మాట.

ఆనేకల్‌లో తాలూకా ఖోఖో పోటీలు. దర్శన్‌కి పదమూడు. ఖోఖోలో తరిమే జట్టు ఎనిమిదిమంది వరసగా ఒక్కో గడిలో గొంతుక్కూర్చుంటారు. ఒకడు ఇటు మొహం, ఒకడు అటు మొహం. తొమ్మిదోవాడు తరుముతాడు. వాడు వెనకనుంచి వచ్చి వీపు మీద చెయ్యి వేసి "ఖో" అంటేనే కూర్చున్నవాడు లేవాలి. చెయ్యి ఒక్కటే చాలదు. మాట ఒక్కటే చాలదు. ఆ రోజు చివరి నిమిషంలో పరుగెత్తేవాడు దర్శన్ ముందునుంచే పోతుంటే గీత అవతల నిలబడ్డ తండ్రి ఆగలేకపోయాడు. "ఖో!" అని అరిచాడు. కొడుకు లేచాడు. వీపు మీద చెయ్యి పడలేదు. ఫౌల్. ఒక్క పాయింటుతో ఓటమి. చిక్కమునియప్ప గీత దాటి వెళ్ళి, "ఎవడు చెప్పినాడురా నిన్ను లేయమని?" అని వందమంది ముందు చెంప పగలగొట్టాడు. ఆ చెంప మీద నాలుగు వేళ్ళే అచ్చుపడ్డాయి. ఆ చెయ్యి ఎవరిదో అడగక్కర్లేదు.

వాడు ఎవరి పేరూ చెప్పలేదు. మళ్ళీ ఖోఖో ఆడలేదు.

లేపింది నేనేరా అన్న మాట తండ్రి నోటి చివరిదాకా వచ్చేది, ఆగిపోయేది. దర్శన్ పెళ్ళి పీటల మీద కూర్చున్నప్పుడు వచ్చింది. మనవరాలు పుట్టినప్పుడు వచ్చింది. ఆదివారాలైతే లెక్కే లేదు. చెప్పలేక, దానికి బదులుగా అన్నట్టు ఊరి పిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. హెబ్బగోడిలో సర్కారు బడి వెనక మైదానం. ఎవరూ పిలవలేదు. ఎవరూ వద్దనలేదు. వారానికి మూడు సాయంత్రాలు. పన్నెండేళ్ళు గడిచాయి.

పిల్లలకి నేర్పడం తేలికే. కష్టమంతా గీత అవతలివాళ్ళతోనే. అందుకే తాడు తెచ్చాడు.

కంపెనీ డిస్పాచ్‌లో పారేసిన నారింజ రంగు నైలాను తాడు. మ్యాచ్ ఉన్న రోజు గీతకి నాలుగడుగుల అవతల తల్లిదండ్రులందరినీ వరసగా నిలబెట్టి పట్టుకోమంటాడు. రెండు చేతులతో. బిడ్డ గెలిస్తే వదిలేసి చప్పట్లు కొట్టుకోవచ్చు. ఓడిపోతే మాత్రం ఆయన "వదలండప్పా" అనేదాకా వదలకూడదు. ఐదు నిమిషాలు కావచ్చు, పది కావచ్చు. మొహాలు చూసి చెబుతాడు. తాడు ఒక కొస తనే పట్టుకుంటాడు. వేలు లేని చేతికి పట్టు జారకుండా ఆ కొసకి నల్ల టేపు చుట్టుకున్నాడు. కోచ్‌గారికి తాడెందుకని కొత్తలో ఒకరిద్దరు అడిగారు. కొసని ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

ఈరోజు మూడుంబావుకి ఇరవైమంది తాడు పట్టుకుని నిలబడ్డారు. చందాపుర జట్టుతో ఫైనల్.

"తేరు లాగినట్లుండాది సార్," అంది ఆదెమ్మ. కర్నూలు జిల్లానుంచి వచ్చి బిల్డింగు పనులు చేస్తుంది. సగం రోజు పని మానుకుని వచ్చింది. కొడుకు రెండో గడిలో కూర్చుంటాడు.

"లాగద్దమ్మా. ఊరికే పట్టుకో."

ఆమె పక్కన అభిజిత్. విజయవాడ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మోకాళ్ళదాకా నిక్కరు, చేతికి నల్ల వాచీ. కూతురు వర్షిణికి పదకొండేళ్ళు. జట్టులో అందరికంటే చురుకైన పిల్ల. అయితే ఈమధ్య తండ్రి వచ్చిన రోజున తరిమేవాళ్ళని వదిలేసి గీత వైపు చూస్తోంది. చిక్కమునియప్పకి ఆ చూపు తెలుసు. దర్శన్ కూడా ఆట మానేసే ముందు అలాగే చూసేవాడు. ఈ పిల్ల నా చేతికింద ఉండగా మానకూడదు. మూడు వారాలుగా ఆయనకి అదొక్కటే దిగులు.

"అంకుల్, వీడియో తీస్తున్నా. ఒక చెయ్యి తాడు మీదే ఉంది కదా, చాలదా?"

"చాలదప్పా. రెండూ కావల్ల."

"రేపు దాని తప్పులన్నీ దానికే చూపించాలి అంకుల్. అప్పుడుగానీ ఇంప్రూవ్ అవ్వదు."

"సార్, ఆఫీసులో మీ తప్పులు ఎవురు వీడియో తీస్తారు?" అంది ఆదెమ్మ, ఎటో చూస్తూ. తాడు పొడుగునా నవ్వు పాకింది. అభిజిత్ కూడా నవ్వక తప్పలేదు. ఫోను జేబులో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

విజిల్ పడింది.

మొదటి వంతులు రెండూ సమంగా పోయాయి. పిల్లల కాళ్ళకింద దుమ్ము లేచింది. తాడు ఒకసారి బిగుసుకుంటోంది, ఒకసారి వదులవుతోంది. ఎవరు ఎప్పుడు అరవబోతున్నారో చిక్కమునియప్పకి అరచేతిలోనే తెలిసిపోతుంది. ఆదెమ్మ వైపునుంచి చిన్న కుదుపు. అభిజిత్ వైపునుంచి ఆగకుండా వణుకు.

చివరి వంతులో చిక్కమునియప్ప పిల్లలు తరుముతున్నారు. ఇంకొక్క పాయింటు వస్తే సమం. నలభై సెకన్లు ఉంది. వర్షిణి ఆరో గడిలో, తాడుకి వీపు పెట్టి కూర్చుంది. పరుగెత్తే పిల్ల ఒకతె సరిగ్గా ఆమె ముందుకొచ్చి తడబడింది. చెయ్యి చాస్తే అందేంత దూరం. తరిమే అబ్బాయి ఇంకా రెండడుగుల వెనక ఉన్నాడు.

"ఖో! వర్షీ, ఖో!"

గొంతు తాడు మీదనుంచి వచ్చింది. వర్షిణి లేచింది.

విజిల్. ఫౌల్. తరిమేవాళ్ళు వెనక్కి తిరగాలి. పరుగెత్తే పిల్ల తప్పించుకుపోయింది. నలభై సెకన్లూ అయిపోయాయి.

చందాపురవాళ్ళు ఎగురుతున్నారు. ఇటు ఇరవైమందీ తాడు పట్టుకుని నిలబడే ఉన్నారు. ఒక్కరు తప్ప. అభిజిత్ తాడు వదిలేసి, గీత దాటి, ఆరో గడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఎవరు చెప్పారు నీకు లేవమని? చెయ్యి పడిందా? ఎవరు చెప్పారు?"

వర్షిణి తండ్రి వైపు చూసింది. ఎవరి పేరూ చెప్పలేదు. అతని చెయ్యి లేచింది.

చిక్కమునియప్ప నల్ల టేపు కొసని వదిలేశాడు. పన్నెండేళ్ళలో ఆట రోజున ఆ కొస ఆయన చేయి జారడం ఇదే మొదలు. భుజంలో నొప్పి ఇప్పుడు దవడదాకా పాకింది. వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"పాపని అడగద్దు. నన్నడుగప్పా."

"మీరుండండి అంకుల్. ఇది మా ఇంటి విషయం."

"మీ ఇంటి విషయమే. పిల్చింది నువ్వే."

"నేనా?"

"నువ్వే. ఖో అంటివి. అంటివని నీకు తెలీదు. నాకూ తెలీలేదు." ఊపిరికోసం ఆగాడు. "ఆనేకల్‌లో నా కొడుకుని ఇట్లే లేపితి. లేపింది నేను, కొట్టింది నేను. బస్సులో తిరిగొస్తా ఉంటే ఎవురో అనిరి, చిక్కప్పది ఏం గొంతప్పా, గ్రౌండంతా ఇనపడిందని. అప్పుడు తెలిసింది. వాడు నా పక్కనే కిటికీ తట్టు మొకం తిప్పుకోని ఉండాడు. బుగ్గ వాచి ఉండాది. నేనేరా అని ఒక్క మాట చెప్పల్ల. అంతే. ఆ పొద్దు చెప్పలేదు. ఇరవై ఏండ్లయింది, చెప్పలేదు. వాడు మాత్రం నా గొంతని ఎవురికీ చెప్పలేదప్పా."



అభిజిత్ చెయ్యి కిందికి దిగింది. మెల్లగా కూతురి భుజం మీద వేయబోయాడు. వర్షిణి అరడుగు వెనక్కి జరిగింది.

"ఇప్పుడే కాదులే," అన్నాడు చిక్కమునియప్ప. "కానీ ఈ పొద్దే చెప్పు. ఇంటికి పోయేలోపల చెప్పు. ఇప్పుడు పోయి తాడు పట్టుకో. నేనింకా వదలమనలేదు."

అభిజిత్ వెళ్ళాడు. తన చోట నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాడు.

అప్పుడు చూశాడు చిక్కమునియప్ప. తను వదిలిన కొస నేల మీద లేదు. నల్ల టేపు దగ్గర దర్శన్ నిలబడి ఉన్నాడు. మోచేతికి హెల్మెట్ వేలాడుతోంది. రెండు చేతులతో కొస పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో మొహం చూస్తే తెలియడం లేదు. ఆ మొహం మీద ఏమీ కనిపించకపోవడం వాడికి చిన్నప్పటినుంచీ అలవాటు.

అక్కడిదాకా నడవాలనుకున్నాడు. కాళ్ళు రాలేదు. ఎదురుగా ఆరో గడి ఖాళీగా ఉంది. మోకాళ్ళు మడిచి, వేళ్ళు నేలకి ఆనించి, తాడుకి వీపు పెట్టి పిల్లల్లాగే కూర్చున్నాడు.

"సార్, నీళ్ళు తేనా?" అంది వర్షిణి.

"తేమ్మా. సోమవారం రావల్ల నువ్వు. తెలిసిందా?"

"వస్తా సార్," అని కుళాయి వైపు పరుగెత్తింది. ఆ పరుగు బాగుంది. ఎటూ చూడకుండా పరుగెత్తుతోంది.

వెనకనుంచి అడుగుల చప్పుడు వచ్చింది. కుడి కాలు కొంచెం ఈడ్చే నడక. ఎవరిదో తెలుసు. తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. గడిలో కూర్చున్నవాడు వెనక్కి తిరగకూడదని పన్నెండేళ్ళుగా తనే చెబుతున్నాడు. ఎదురుగా సున్నపు గీత తెల్లగా ఉంది. పొద్దుటినుంచీ భుజం లాగుతున్నా తిన్నగానే వేశాననుకున్నాడు. తరవాత గీత కొంచెం కొంచెంగా మసకబారింది.

వీపు మీద చెయ్యి పడింది. వెడల్పాటి చెయ్యి. దాంట్లో బరువుంది, తొందర లేదు. కాసేపు అలాగే ఉంది.

"నాయనా," అన్నాడు దర్శన్. "లెయ్. పోదాం పా."

చిక్కమునియప్ప లేవలేదు.

వర్షిణి నీళ్ళ సీసాతో వచ్చి ఆగిపోయింది. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. అది వచ్చింది. దర్శన్ తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని అందులో ఎక్కాడు. బడి గేటు దాటి, మలుపు తిరిగి, సైరన్ మోత సన్నబడి ఆగిపోయేదాకా తాడు ఎవరూ వదల్లేదు. వదలమని చెప్పేవాళ్ళు లేరు. చివరికి ఆదెమ్మ వేళ్ళు విప్పింది. ఒక్కొక్కరే విప్పారు. అందరికంటే ఆఖరున అభిజిత్ విప్పాడు. విప్పి, కూతురి ముందు నేల మీద కూర్చుని, తల వంచుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

మైదానం ఖాళీ అయ్యాక సున్నపు గీత పక్కన తాడు పడి ఉంది. దాని కొసన నల్ల టేపు మీద, పన్నెండేళ్ళ పట్టుకి అరిగిపోయిన చోట, మూడు వేళ్ళ గుంతలు, ఒక బొటనవేలి గుంత ఉన్నాయి; మధ్యలో ఏ వేలూ తగలని కాస్త జాగా కొత్త టేపులా నున్నగా ఉంది.