వణికే చేతి బొమ్మ

ఆ వీధిలో ఆయన్ని అందరూ సొట్టల మాస్టారు అనేవాళ్లు. ఏ బొమ్మ వేసినా లోపంతోనే మొదలుపెట్టడం ఆయన పద్ధతి. కెటిల్ అయితే ముందు దాని సొట్ట, కుర్చీ అయితే ముందు దాని పొట్టి కాలు. పొద్దున్నే టీ తాగి కిటికీ పక్కన కూర్చుంటే మళ్లీ భోజనానికే లేచేవారు.

ఉన్నది ఉన్నట్టు బొమ్మలో దిగిందంటే, ఆ లోపం వస్తువును వదిలేసి బొమ్మలోకి వెళ్లిపోయేది. అందుకే వీధివాళ్లు కారే కెటిళ్లూ, ఊగే కుర్చీలూ మోసుకొచ్చేవాళ్లు. కెటిల్ కారడం మానేది, గోడమీద దాని బొమ్మ కారేది. మాస్టారి భార్య దానికింద బకెట్ పెట్టి, ఆ నీళ్లు మొక్కలకు పోసేది. అయితే వెంట్రుకవాసి తేడా వచ్చినా పని జరిగేది కాదు. ఒక వకీలు తన మెల్లకన్ను చూపించి, "కాస్త తగ్గించి వేయండి మాస్టారూ" అన్నాడు. మాస్టారు మొహమాటపడి తగ్గించారు. మెల్ల ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

భార్య బొమ్మ మాత్రం ఎన్నడూ వేయలేదు.

"ఊళ్లోవాళ్ల కుర్చీలకున్న భాగ్యం నాకు లేదు" అనేది ఆవిడ.

"నీలో లోపమేదీ కనిపించదే! ఎక్కడని మొదలుపెట్టను?"

"చాల్లెండి, బొమ్మ ఎగ్గొట్టడానికి ఎన్ని కబుర్లో."

ఆ వర్షాకాలంలో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. కుంచె పట్టుకుంటే మరీ ఎక్కువ. డాక్టరు మాత్రలు మార్చి మార్చి చూసి, చివరికి బొమ్మలు మానేయమన్నాడు. మానేస్తే ఆయనకింకేం మిగులుతుంది?

"మీ చేతినే బొమ్మ వేసేయండి, పీడా పోతుంది" అన్నాడు ఎదురింటి చెప్పుల షాపాయన, అదో పెద్ద పనా అన్నట్టు.

అదే పెద్ద పనైంది. అద్దం ముందు కూర్చుని, కుంచె పట్టిన తన చేతిని చూస్తూ గీయబోయారు. గీత వంకరపోయింది. తుడిచేశారు. మళ్లీ గీశారు, మళ్లీ తుడిచేశారు. మణికట్టును గుడ్డతో బల్లకు కట్టేసుకుని కూడా చూశారు. కాన్వాసు మీద మురికి మరక తప్ప ఏమీ మిగల్లేదు. వరండాలో జనం తెచ్చిన కుర్చీలు పేరుకుపోయాయి. ఒకరోజు కుంచెలన్నీ అటక ఎక్కించేస్తానంటూ లేచారు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య అడిగింది.

"ఇన్నాళ్లూ ఏం తుడుస్తున్నారు?"

"కనబడట్లేదా? గీత వణికిపోతోంది."

"చెయ్యి వణకట్లేదా మరి?"

"వణుకుతోంది. అందుకేగా ఈ ఏడుపంతా!"

"వణికే చేతికి తిన్నటి గీతలేంటండీ? వకీలుగారి కన్నులాగే అవుతుంది మీ పని."

మాస్టారికి మనసు చివుక్కుమంది. ఊరందరి అవకరాలూ ఉన్నవి ఉన్నట్టు దించిన మనిషి, తన దగ్గరికొచ్చేసరికి మొహమాటపడ్డాడు.

మళ్లీ కూర్చుని, కుంచె ఎటు పోతే అటు పోనిచ్చారు. మణికట్టు దగ్గర గీత చెదిరింది, వేళ్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. సిగ్గేసింది, అయినా తుడవలేదు. భోజనానికి పిలిచినా కదల్లేదు. ఆఖర్న చిటికెనవేలి గోరు దగ్గరికి వచ్చేసరికి గీత నెమ్మదిగా, తిన్నగా సాగింది.

బొమ్మను గోడకు తగిలిస్తే ఫ్రేము టకటకా కొట్టుకోసాగింది. "నయం, దీనికి బకెట్ అక్కర్లేదు" అంటూ భార్య వెనకాల అట్టముక్క దోపింది. ఆ సాయంత్రం మాస్టారు టీ తాగితే సాసర్‌లోకి చుక్క కూడా ఒలకలేదు.

మర్నాడు వరండాలో కుర్చీలన్నీ పక్కకు నెట్టి, భార్యను కూర్చోమన్నారు.

"నాలో లోపమే లేదుగా, ఎక్కడ మొదలుపెడతారేం?"

మాస్టారు చాలాసేపు చూశారు. ఆవిడ కనుబొమల మధ్య ఒక సన్నటి ముడత ఉంది. వానలకు ముందు అది లేదు. ఆయన చేతిని చూసి చూసి, పైకి ఒక్కమాట అనకుండా తెచ్చుకున్నది.

"కదలకు" అన్నారాయన, కుంచె ముంచుతూ.

మధ్యాహ్నానికి ఆవిడ నుదురు నున్నబడింది. ఆ ముడత మాత్రం ఇప్పటికీ గోడమీద, ఆయన కోసం దిగులుపడుతూనే ఉంది.