చేతికి కుట్టిన సంచి

మా ఆయన దర్జీ. ముప్పై ఏళ్లుగా ఆయన కత్తిరిస్తే నేను కుట్టేదాన్ని. పక్షవాతం వచ్చాక ఆయన కుడిచెయ్యి తడిగుడ్డలా వేలాడిపోయింది.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఫిజియోథెరపీకి రోజూ రమ్మన్నారు. అడుగు వెయ్యలేని మనిషిని ఎక్కడ తిప్పేది? కాస్త కోలుకున్నాక వెళ్దాంలే అనుకున్నాను. వేలాడే చెయ్యి చూడలేక, మెత్తని అస్తరు వేసి, మెడకు తగిలించే సంచి ఒకటి కుట్టాను. కొలత చక్కగా కుదిరింది.

"నా చేతికి జాకెట్టు కుట్టావటే?" అని నవ్వారు. మాట ముద్దగా వచ్చేది. "డాక్టరుగారు కట్టమన్నారా?"

"ఆఁ, అన్నారు."

అలా చెప్పకపోతే ఉంచుకోరు. ఆ అబద్ధానికి దేవుడి ముందు లెంపలేసుకున్నాను. తినిపించడం, బొత్తాలు పెట్టడం అన్నీ నేనే. అలా రెండున్నర నెలలు గడిచాయి.

అప్పటికి గానీ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. ఫిజియోథెరపీ గదిలో వ్యాయామం చేయించే అమ్మాయి సంచి విప్పి వేళ్లు తెరవబోతే ఆయన కెవ్వుమన్నారు. గుప్పిట సగం కూడా తెరుచుకోలేదు.

"చచ్చుబడిన చేతిని రోజూ మనమే కదిలిస్తుండాలి పెద్దమ్మా. అప్పుడే కీళ్లు బిగుసుకోవు, మెదడు ఆ కదలిక మళ్లీ నేర్చుకుంటుంది. రోజంతా ఇలా మడిచి ఉంచమని ఎవరు చెప్పారు?"

ఆయన నావైపు చూశారు.

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే" అన్నాను.

ఆయన ఆ అమ్మాయివైపు తిరిగి అడిగారు. "కత్తెర పట్టగలనా తల్లీ?"

"వేళ్లు కొంత తెరుచుకుంటాయి పెదనాన్నా. కత్తెర విషయంలో మాత్రం ఆశ పెట్టలేను." నావైపు తిరిగింది. "ఇకమీదట ఆయన చేసుకోగలిగింది ఆయన్నే చేసుకోనివ్వండి. ఎంతసేపు పట్టినా సరే."

మర్నాడు పొద్దున చొక్కా తొడిగి, బొత్తాం పెట్టబోయాను.

"ముట్టుకోకు" అన్నారు.

కుడి గుప్పిటతో గుడ్డను పొట్టకు అదిమి, ఎడమచేత్తో బొత్తాం దూర్చసాగారు. ముప్పావుగంటకు మూడు పడ్డాయి. మూడోది తప్పు కాజాలో పడింది. చూసుకుని, అన్నీ విప్పి, మళ్లీ మొదలుపెట్టారు. నా చేతులు ఊరుకోవడం లేదు. వాటి మీదే కూర్చున్నాను.

ఆ అమ్మాయి మాట పాటిస్తున్నారా, నా చెయ్యి తగలడం ఇష్టం లేకనా? అడిగే ధైర్యం లేదు.

సేవ అనుకున్నాను స్వామీ. ఆ సంచి కుడుతున్నప్పుడు నువ్వైనా నా చెయ్యి పట్టి ఆపలేదేం?

ఆయన రెండో బొత్తాం దగ్గర ఆగి, ఊపిరి తీసుకుంటున్నారు.