కొంగ లేచే ముహూర్తం

కావ్యానికి మంగళాచరణం ఎట్లాగో, ఎల్డర్‌గేట్ రాకెట్ కంపెనీ మూడు నెలలకొకసారి తన వాటాదారులకు వినిపించే ప్రసంగానికి ఒక హెచ్చరిక అట్లాగే. కవి విఘ్నాలు తొలగించమని దేవుణ్ణి వేడుకుంటాడు. కంపెనీ వకీలు మాత్రం విఘ్నాలు కలిగితే తమ పూచీ లేదని ముందే చెప్పి చేతులు కడుక్కుంటాడు. "భవిష్యత్తును గురించి మేము చెప్పబోయేవి జరగవచ్చు, జరగకపోవచ్చు. వీటిని నమ్ముకుని ఎవరూ నిర్ణయాలు తీసుకోవద్దు" అని గడగడ చదివేస్తాడు. ఆ తరువాత గంటసేపు అధ్యక్షుడు గొంతెత్తి, నమ్మండి నమ్మండి అని బతిమాలుతాడు. ఆ గంటలో ఆర్డిత్ కిన్‌సాల్వింగ్‌కు నచ్చేవి మొదటి రెండు నిమిషాలే. వాటిలో అబద్ధం ఉండదు.

ఆమెకు డెబ్భై నాలుగేళ్లు. ప్రయోగ వేదిక దగ్గర రాకెట్ల కడుపులోకి ద్రవ ఆక్సిజన్ నింపే పనిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు గడిపి, టైటస్‌విల్‌లో వేదికకు పోయే రోడ్డు పక్కనే స్థిరపడిన మనిషి. ఆ గురువారం నాడు కూడా వంటింటి బల్లమీద ఫోను పెట్టుకుని, పక్కన గీతల పుస్తకం తెరిచి, పద్నాలుగవ ప్రసంగం విన్నది. పుస్తకంలో ఎడమవైపు అన్న మాట, కుడివైపు అయిన పని. ఎడమవైపు నిండి పొంగుతున్నది. కుడివైపు ఏకాదశి ఉపవాసం.

మొదటి సంవత్సరం వాళ్లు "ప్రయోగం" అన్నారు. రెండవ సంవత్సరం ఆ మాట "ప్రయోగ సన్నద్ధత" అయింది. మూడవ సంవత్సరానికి "సన్నద్ధత దిశగా పయనం" అయింది. రాకెట్టు కదలకపోయినా పేరు మాత్రం ఏటేటా ఒక సమాసమంత ముందుకు సాగింది. ప్రశ్నలడగవలసిన పెట్టుబడి పండితులు ప్రతిసారీ వందిమాగధుల వలె "అద్భుతమైన త్రైమాసికం, అభినందనలు" అని ఎత్తుకుని, ఆపైన గుచ్చుకోని ప్రశ్న ఒకటి వేసి తప్పుకునేవారు.

రాకెట్టు పేరు గోల్డెన్ హెరాన్. హెరాన్ అంటే కొంగ. ఊరి పక్కన పారే ఇండియన్ రివర్ ఒడ్డున కొంగలకు కొదవ లేదు. గంటలకొద్దీ ఒంటికాలిమీద నిలిచినా చివరకు చేపను పట్టుకుని ఎగిరిపోతాయి. ఈ బంగారు కొంగ ఎగరడం మానేసి మూడేళ్లుగా జపం మాత్రమే చేస్తున్నది. చేపలే వరుసకట్టి వచ్చి నోట్లో పడుతున్నాయి.

ప్రసంగం ముగిసిన నిమిషానికే ఫోను మోగింది. సంఘం అధ్యక్షుడు రాయిస్ టిలట్‌సన్.

"విన్నావా ఆర్డిత్? ప్రయోగం అక్టోబర్లోనంట!"

"అక్టోబరు కంటే ముందు కాదు అన్నాడు. అది ముహూర్తం కాదు రాయిస్. నేనూ అక్టోబరు కంటే ముందు చావనని చెప్పగలను. చచ్చేది అక్టోబర్లోనేనని పూచీ ఇచ్చినట్టా?"

"నీ నోట్లో ఎప్పుడూ వేపాకేనా? శనివారం పొద్దున తొమ్మిదికి ఓటింగు. ఆ కంపెనీ కుర్రాడు కూడా వస్తున్నాడు. కొంచెం మర్యాదగా ఉండు."

"మర్యాదగానే ఉంటా. పుస్తకం మాత్రం తెస్తా."

సంఘమంటే ప్రయోగ వేదిక పూర్వ కార్మికుల సంఘం. ఒకనాడు మూడు వందల మంది. నేడు నలభై ఒక్కరు. జీతాల్లోంచి ముప్ఫై ఏళ్లపాటు పక్కన పెట్టుకున్న సొమ్ము వాళ్లకు అంత్యక్రియల నిధిగా ఉన్నది. సభ్యుడు కన్నుమూస్తే ఆ కుటుంబానికి శవపెట్టె, పూలు, మట్టి, ప్రార్థన, అన్నిటికీ కలిపి ఆరు వేల డాలర్లు ఇస్తారు. ఎవరి బిడ్డలూ ఎవరి ముందూ చేయి చాపనవసరం లేదు. గత మార్చిలో ఆర్డిత్ ప్రాణస్నేహితురాలు వెళ్లిపోయినప్పుడు ఆమెకు గౌరవంగా వీడ్కోలు పలికింది ఆ నిధే. ఇప్పుడు రాయిస్‌కు వచ్చిన ఆలోచన ఏమంటే, నిధినంతా తీసి ఎల్డర్‌గేట్ వాటాలు కొందామని. శనివారం చేతులెత్తితే సరి, నలభై ఒక్కరి ఆఖరి మంచం కొంగ వీపుమీదికి ఎక్కుతుంది.

మెథడిస్టు చర్చి హాల్లో శనివారం కాఫీ కాగుతున్నది. కంపెనీ తరఫున వచ్చిన బ్రాక్ ఎలరీ అనే ముప్ఫై ఏళ్ల యువకుడు నాలుగు పెట్టెల డోనట్లూ, బంగారు కొంగ బొమ్మ కుట్టిన టోపీలూ పంచాడు. వచ్చిన ముప్ఫై మందిలో అందరూ టోపీలు పెట్టుకున్నారు. ఆర్డిత్ ఒక్కతే తన టోపీని కాఫీ గిన్నె కింద పరిచింది.

బ్రాక్ మాట్లాడాడు, తెరమీద బొమ్మలు చూపించాడు. తరువాత ఆర్డిత్ లేచి కళ్లద్దాలు సవరించుకుని, పుస్తకం విప్పి చదవసాగింది. తొలి ప్రయోగం ఏప్రిల్లో అన్నారు, వాయిదా. సెప్టెంబరు, వాయిదా. క్రిస్మసుకు ముందు, వాయిదా. మొత్తం పదకొండు తేదీలు, పదకొండు వాయిదాలు. చదివినంతసేపూ, ఇంతకంటే సాక్ష్యమేమి కావాలి అనే ధైర్యం ఆమె గొంతులో పలికింది.

ఆమె మరచిపోయినదొకటున్నది. అవతల కూర్చున్నవాళ్లు బ్యాంకు గుమాస్తాలు కారు.

నాలుగవ వాయిదా దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. ఏడవదానికి హాలంతా కొట్టింది. "ఆలస్యాదమృతం విషం" అన్నారు మన పెద్దలు. ఆ హాల్లో మాత్రం ఆలస్యమే అమృతం. వాతావరణం చూసే పని చేసిన డ్యూయీ క్విజెన్‌బెరీ, కట్టుడుపళ్లు కదిలేటట్టు నవ్వుతూ లేచాడు.

"ఏమమ్మా ఆర్డిత్, మనం చేసిన ఆ పెద్ద ప్రయోగం ఎన్నిసార్లు ఆగిందో మర్చిపోయావా? పంతొమ్మిది సార్లు! అందులో ఆరు నా మబ్బుల వల్ల. ఒక్కసారీ ఆగని రాకెట్టయితే దాని దరిదాపులకు కూడా నేను పోను."

"పదకొండేనా? ఇంకా పసివాళ్లే పాపం!" అన్నాడు వెనకనుంచి ఓథా ప్రూయిట్. రాకెట్టు భాగాలను పైకెత్తే పెద్ద క్రేన్లు నడిపినవాడు.

బ్రాక్ ముఖం వెలిగిపోయింది. "అదే సర్, అదే మా సంస్కృతి! తొందరపడం. మిస్ ఆర్డిత్, మీ జాబితా మాకిస్తారా? మా వాటాదారులకు చూపిస్తాం."

ఆర్డిత్ కూర్చున్నది. పాలు పోసి పెంచిన పామే కాటువేసినట్టయింది. మూడేళ్లు ఒక్కొక్క అక్షరం పోగుచేసుకున్న పుస్తకం కంపెనీవారికి ప్రశంసాపత్రమయింది. వీళ్లు బతుకంతా ఆలస్యాలతో కాపురం చేసినవాళ్లు. నిజమైన ఆలస్యం వెనుక ఏదో ఒక వాల్వు కారుతుంది, ఏదో ఒక తీగ తెగుతుంది. పని జరిగిన చోటే పని ఆగుతుంది. పని మొదలే కాని చోట ఆలస్యమేమిటి? ఆ తేడాను తేదీల జాబితా ఎన్నటికీ చెప్పలేదు. తప్పు తనదేనని ఆమెకు తోచింది.

"సరే, చేతులెత్తండి," అన్నాడు రాయిస్.

"ఆగు," అన్నది ఆర్డిత్. "కాళ్ల కింద నిప్పున్న ఏ నిర్ణయాన్నయినా మనం చేతులెత్తి తీసుకున్నామా? ఒక్కసారైనా?"

రాయిస్ చేయి గాలిలో ఆగింది.

"మనకొక పద్ధతుంది. వాతావరణం, క్రేన్లు, ఆక్సిజన్ అని స్థానాలవారీగా అడుగు. ఎవరి స్థానం గురించి వాళ్లే చెప్పాలి, కళ్లారా చూసిందే చెప్పాలి. ఒక్కరు నో గో అన్నా ఆగాలి. నడిపించాల్సింది నువ్వే. ఇరవై రెండేళ్లయింది రాయిస్, నీ గొంతు విని."

ఇక్కడ రాయిస్ టిలట్‌సన్‌ను గురించి ఒక మాట చెప్పాలి. ప్రయోగానికి ముందు ఒక్కొక్క స్థానాన్నీ పేరుపెట్టి పిలిచి, కానిమ్మంటే "గో" అనీ, ఆపమంటే "నో గో" అనీ జవాబు రాబట్టే అధికారి అతడు. ఆ పిలుపు ఎంత గంభీరంగా ఉండేదంటే, అబద్ధమాడబోయిన నాలుక అంగిట్లో అంటుకుపోయేది. ఆ పీఠం దిగాక అతడు నోరు చేసుకున్నది నిమ్మతోట మీదా, పొరుగువాళ్ల కుక్క మీదా మాత్రమే. ఇప్పుడు వెన్ను దానంతటదే నిటారుగా లేచింది. టోపీ తీసి బల్లమీద పెట్టాడు. అతణ్ణి చూసి తక్కినవాళ్లూ తీశారు.

"భలే ఉంది! వీడియో తీసుకోవచ్చా?" అన్నాడు బ్రాక్, ఫోను ఎత్తి.

"స్థానాలవారీ విచారణ," అన్నాడు రాయిస్. కాఫీ కప్పుల గలగల ఆగిపోయింది. "వాతావరణం."

డ్యూయీ గొంతు సవరించుకున్నాడు. "వాతావరణం గో. మూడేళ్లుగా గోనే. తడవడానికి అక్కడేదైనా నిలబడి ఉంటే కదా మబ్బుల సంగతి పట్టించుకునేది." తన మాట తనకే వినబడి, నవ్వబోయి మానేసి కూర్చున్నాడు.

"క్రేన్లు."

ఓథా లేచాడు. రోజూ నదిమీది వంతెన కింద గాలం వేసుకుని కూర్చునే మనిషి. ఆ వంతెన మీదుగా పోని పెద్ద సామాను వేదికకు చేరదు.

"రాకెట్టు కింది భాగం లోపలికి పోవడం చూశా. రెండేళ్లయింది. దాన్ని నిలబెట్టాలంటే రెండు క్రేన్లు కావాలి, ఎత్తే దూలం కావాలి. దూలం రాలేదు. క్రేనూ రాలేదు." పెదవి కొరుక్కున్నాడు. "నో గో."

"సర్, అవి వచ్చే దశలో..." అన్నాడు బ్రాక్.

"విచారణ జరుగుతున్నప్పుడు పక్కమాటలు వద్దు బాబూ," అన్నాడు రాయిస్, అతనివైపు చూడకుండానే. "ఆక్సిజన్."

ఆర్డిత్ లేచి నిలబడింది. చేతిలో పుస్తకం లేదు.

"ట్యాంకర్లన్నీ నా వంటింటి కిటికీ ముందునుంచే పోవాలి. ఆ కింది భాగం ఒక్కసారి నింపడానికి తక్కువలో తక్కువ పద్దెనిమిది కావాలి. పద్నాలుగు నెలల్లో ఐదు పోయాయి. దాచుకుందామంటే అది ఆవకాయ కాదు, ఆవిరైపోతుంది. ఆ నెలల్లోనే మూడుసార్లు పూర్తిగా మండించి పరీక్షించామని వాటాదారులకు చెప్పారు. దేంతో మండించారో నాకు తెలియదు. ఈ హాల్లో ఎవరింట్లోనైనా ఒక్క కిటికీ అద్దం అదిరిందా?"

నిజమైన పరీక్ష జరిగిననాడు ఆ ఊళ్లో అలమరలోని పింగాణీ పళ్లేలు తాళం వేస్తాయి. మూడేళ్లుగా ఊరు ప్రశాంతంగా నిద్రపోతున్నది.

"నో గో," అన్నది ఆర్డిత్.

తక్కిన స్థానాలను పిలిచే అవసరం లేదు. ఒక్క నో గో చాలు, రెండు వచ్చాయి. అయినా విచారణలో చివరి జవాబు నడిపేవాడిదే. ఆ క్షణంలో ఆర్డిత్‌కు రాయిస్‌ను చూస్తే జాలివేసింది. జనవరిలో అతడు తన పడవను అమ్మాడు. భార్య పోయాక అతనికి మిగిలిన ఏకైక ప్రేమ ఆ పడవ. ఆ డబ్బుతో ఏం కొన్నాడో అడగనక్కరలేదు. నిధి కూడా అందులో పడితే తాను ఒంటరి మూర్ఖుడు కాకుండా పోతాడు, నలుగురితో నారాయణ.

"ప్రయోగ నిర్వహణ," అని తన్ను తానే పిలుచుకున్నాడు రాయిస్. తల దించుకున్నాడు.

"ఏప్రిల్లో నన్ను వాళ్ల కౌంట్‌డౌన్ రిహార్సల్‌కి పిలిచారు. వచ్చి మీ అందరికీ గొప్పగా చెప్పాను కదా, తెరలు ఎంతెంత పెద్దవో. చెప్పనిది ఒకటుంది. మన రిహార్సళ్లలో మనం ఏం సాధన చేసేవాళ్లం? ఆపడం. తొమ్మిది నిమిషాల దగ్గర ఆపు, నాలుగు దగ్గర ఆపు, మంటొస్తే ఆపు, మనిషి పడిపోతే ఆపు. వాళ్లు పదినుంచి సున్నా దాకా గడగడ లెక్కపెట్టారు, లేచి చప్పట్లు కొట్టారు, కౌగిలించుకున్నారు. కెమెరా సరిగ్గా పట్టలేదని ఇంకోసారి కొట్టారు. ఆపే విధానం ఎక్కడ రాసుకున్నారు అని అడిగా. అది తర్వాతి దశలో వస్తుందన్నారు."

తల ఎత్తాడు.

"ప్రయోగ నిర్వహణ, నో గో. నిధి ఉన్నచోటే ఉంటుంది."

ఒక్కొక్క కుర్చీ కిర్రుమన్నది. బ్రాక్ ఫోను ఇంకా పైకే పట్టుకుని ఉన్నాడు.

"సర్, అద్భుతం. అసలు మీ గొంతే వేరు. వీడియో కోసం ఆ చివరి మాట ఒక్కటి... ఒక్కసారి 'గో' అని చెప్పగలరా?"

ఓథా వచ్చి ఆ అబ్బాయి భుజంమీద చేయివేసి, ఎంతో ఆప్యాయంగా తలుపుదాకా సాగనంపాడు. మిగిలిన డోనట్లు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

బయట ఎండ మండుతున్నది. రాయిస్ తన ట్రక్కు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆర్డిత్ దగ్గరికి వెళ్లింది.

"సోమవారం పొద్దున్నే నీ వాటాలు అమ్మెయ్యి రాయిస్. ఇంకా ఎంతో కొంత వస్తుంది."

అతడు నదివైపు చూశాడు.

"విన్నావా?"

"విన్నా." దొంగతనం ఒప్పుకున్న పిల్లవాడిలా అన్నాడు: "అమ్మలేను ఆర్డిత్. నలభై మంది తరఫున నో గో అన్నాను, అది నిజం. కానీ పొరపాటున అది లేచిందనుకో? ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుంటే నా వాటా అందులో లేకపోతే... నేను తట్టుకోలేను."

ట్యాంకర్ల లెక్క మళ్లీ చెప్పాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి లాభం లేదు. అతనికి ఆ లెక్క తెలియక కాదు. మోసగాడి బలమంతా మన అజ్ఞానంలోనే ఉంటే, చదువుకున్నవాడెవడూ మోసపోడు. అది మన ఆశలో ఉంటుంది. ఆశకు స్థానాలవారీ విచారణ లేదు.

"సరే," అన్నది ఆర్డిత్, అతని చేతిమీద తట్టి. "నీ పడవ ఎటూ పోయింది. నీ పెట్టె మాత్రం ఈ పూట దక్కింది. దిగులుపడకు."

రాయిస్ మొదట ఉలిక్కిపడ్డాడు. తరువాత, ఎనభైకి చేరువైన ఆ మనిషి, కళ్లవెంట నీళ్లు కారేటట్టు నవ్వాడు.