ఊరికే కూర్చున్న మధ్యాహ్నం

“ఆ పచ్చ అట్టముక్క కాస్త అవతల పెడితే కంచాలు పెట్టుకుందాం” అన్నారు అత్తగారు, చేతికర్ర కుర్చీకి ఆనించి.

అది అట్టముక్క కాదు, బోర్డు. అయినా ఆవిణ్ణి అనడానికేం లేదు. అరచేతంత ఆకుపచ్చ పలక, మీద నల్లటి చిప్పులు, ఒక మూల టిక్కుటిక్కుమని వెలిగి ఆరే చిన్న దీపం, అందులోంచి నా లాప్‌టాప్‌లోకి రెండు వైర్లు. ఆవిడకి అది అలాగే కనిపిస్తుంది మరి. ఈ ఇంట్లో నా ఆఫీసు డైనింగ్ టేబులు. మా ఆయనకి గది ఉంది, గదికి తలుపుంది, తలుపు మీద “మీటింగ్‌లో ఉన్నాను” అన్న కాగితం ఉంది. ఆ కాగితం అంటించి ఏడాది దాటింది. ఆ మీటింగేదో ఇంకా అయినట్టు లేదు.

లాప్‌టాప్, బోర్డు, వైర్లు అన్నీ కలిపి ట్రేలో పెట్టి ఫ్రిజ్ మీదికి ఎక్కించాను. కోపం రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ రావడం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలన్నా ముందు కోపమంటూ ఉండాలిగా. కాలికి తిమ్మిరెక్కితే నాలుగడుగులు నడిస్తే వదులుతుంది. మనిషికి మనిషే తిమ్మిరెక్కితే ఎటు నడవాలో నాకు తెలియలేదు, అందుకని వంటింట్లోకి నడిచాను.

నా పనేమిటో చెబితే అర్థం కాదని మా ఆయన చుట్టాలకి “కంప్యూటర్లో ఏదో చేస్తుంది” అని చెప్పి ఊరుకుంటారు. నిజానికి అంత అర్థం కానిదేమీ కాదు. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి రోగికి మందు చుక్క చుక్కగా ఎక్కించే మిషన్లు మా కంపెనీ చేస్తుంది. అందులో ఒక బోర్డు ఉంటుంది, దాన్ని నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. పాత బోర్డులో వాడే చిప్పుల తయారీ ఆగిపోయింది, దాంతో కొత్త బోర్డు వచ్చింది. ఆ సిస్టమ్‌కి దీని ముక్కూ మొహం తెలియదు. మెమరీ ఎంత ఉంది, మోటారు ఏ పిన్నుకి కలిపారు, బటన్ ఏ పిన్నుకి కలిపారు, బ్యాటరీ సంగతేమిటి, అన్నీ ఎవరో ఒకరు కూర్చుని వివరంగా రాసి దానికి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు నేను. ఈ పని ఎవరూ మొదటినుంచీ రాయరు. దగ్గరి పోలికలున్న పాత బోర్డు ఫోల్డరు కాపీ చేసి, పేరు మార్చి, తేడాలు దిద్దుకుంటూ పోతాం. పాతదాని అలవాట్లు కొన్ని మనకి తెలియకుండా వెంట వచ్చేస్తాయి. అవి ఏవో వెతికి పట్టుకోవడంలోనే ఉంది పనంతా.

బోర్డు బాగా నడవడం మొదలుపెట్టాక దాన్ని ఒక మనిషికి అప్పగించడం మా దగ్గర పద్ధతి. ఇక ఆ బోర్డు బతికున్నన్నాళ్ళూ ఎవరికే సందేహం వచ్చినా ఆ మనిషినే అడగాలి. ఆ మనిషి సరేనంటే తప్ప అందులో అక్షరం మారదు. లాబ్‌లో ఆ మనిషికంటూ ఒక బల్ల ఉంటుంది, దానిమీద ఎవరూ కంచాలు పెట్టరు. ఇంతకుముందు మూడు బోర్డుల్ని నేను లేపి నిలబెట్టాను. మూడూ నడక నేర్చాక “నీకెందుకమ్మా ఆ తలనొప్పి” అంటూ ఇంకెవరికో ఇచ్చారు. కనేది నేను, పేరు పెట్టుకునేది వాళ్ళు. ఈసారి సిగ్గు విడిచి నేనే అడిగాను, ఈ బోర్డు నాకివ్వండని. మేనేజరు గోడకేసి చూసి, “చూద్దాం, శుక్రవారం చెప్తాను” అన్నాడు. ఇంత మొద్దుబారిపోయాక కూడా నాకు కావాలనిపించింది అదొక్కటే. శుక్రవారానికి ఇంకొక్క రోజే ఉంది, బోర్డేమో ఆగిపోతోంది.

పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి దీపం ఆరిపోతుంది. బటన్ నొక్కినా ఉలకదు, పలకదు. వైరు పీకి మళ్ళీ పెడితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. మొదట అత్తగారేమైనా కదిపారేమో అనుకున్నాను. “నేనెందుకు ముట్టుకుంటానమ్మా, ముట్టుకుంటే కొడుతుందేమోనని దాని పక్కనుంచి కూడా నడవట్లేదు” అన్నారావిడ. అదీ నిజమే, మోకాలి ఆపరేషనయిన మనిషి టేబులు చుట్టూ తిరిగి సోఫా దగ్గరికి వెళ్తున్నారు రెండ్రోజులుగా. ఇంకో బోర్డు ఆఫీసులో మా సీనియర్ దగ్గరుంది. గడ్డం పెంచాడని అందరం గడ్డం అనే పిలుస్తాం, అతనూ పలుకుతాడు. ఫోన్ చేస్తే నవ్వాడు. “నా దగ్గర పొద్దుట్నించీ ఒక్కసారి కూడా ఆగలేదు మేడమ్. మిక్సీ పెట్టే ప్లగ్గులో పెట్టారేమో చూడండి. ఇంట్లో కూర్చుని బోర్డు లేపితే ఇలాగే ఉంటుంది.” నేనూ నవ్వాను. ఇలాంటి చోట నవ్వడం నాకు బాగా అలవాటు, మొహం దానంతటదే చేసేస్తుంది.

భోజనాలయ్యాయి. టేబులు తుడిచాను, ట్రే దించాను, అన్నీ మళ్ళీ కలిపాను. కాసేపు నడిచింది. అత్తగారికి మాత్రలివ్వడానికి లేచాను, వచ్చేసరికి దీపం లేదు. మళ్ళీ పెట్టాను. నడిచింది. వర్షమొచ్చేలా ఉంటే బట్టలు తియ్యడానికి వెళ్ళాను, వచ్చేసరికి లేదు. బట్టలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నేను పక్కన కూర్చుని కీబోర్డు కొడుతున్నంతసేపూ ఇది ఒక్కసారి కూడా ఆగలేదు. నేను లేస్తేనే ఆగుతోంది. గడ్డం దగ్గర ఆగదు, ఎందుకంటే గడ్డం లేవడు. అతని టీ అతని దగ్గరికే వస్తుంది.

ఇది తేల్చుకోవాలంటే ఒకటే దారి. బోర్డుని ముట్టుకోకుండా, కీబోర్డు ముట్టుకోకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని దీపాన్ని చూస్తూ కూర్చోవాలి. కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో నేను ఊరికే కూర్చున్నది అదే మొదలు.

“ఖాళీగానే ఉన్నావుగా, ఆ బట్టలు మడత పెట్టేయకపోయావా” అన్నారు అత్తగారు సోఫాలోంచి.

“పనిలో ఉన్నానత్తయ్యా.”

“ఏం పని? ఊరికే కూర్చున్నావుగా.”

“ఊరికే కూర్చోవడమే పని.”

ఆవిడ నాకేసి కాసేపు చూశారు. ఒంట్లో బాగాలేదేమోనన్న చూపు అది. తర్వాత మా ఆయన తలుపు తెరుచుకుని వచ్చారు, చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. “టీ పెడతావా? ఖాళీనేగా” అన్నారు. నేను దీపం మీదనుంచి కళ్ళు తిప్పకుండా “ఇప్పుడు లేవలేను” అన్నాను. లేవకపోవడానికి కారణమేమైనా కనిపిస్తుందేమోనని నా కాళ్ళకేసి చూశారు. ఏమీ కనిపించలేదు. వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యాయి, చక్కెర డబ్బా ఎక్కడుందని ఒకసారి, టీపొడి ఎక్కడుందని ఒకసారి కేక వినిపించింది. చెప్పాను. లేవలేదు. లేవకుండా కూర్చోవడం ఎంత బరువైన పనో అప్పుడు తెలిసింది, తొడలు నొప్పి పుట్టాయి. దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. మనసులో ఏమీ లేదు. భయం కూడా లేదు. ఇంత చిన్న దీపానికి కాపలా కాయడం తప్ప లోకంలో నేను చెయ్యాల్సిందేదీ లేదన్నట్టు, ఎవరో నన్ను అక్కడ పెట్టి వెళ్ళినట్టు కూర్చున్నాను. ఆయన టీ తీసుకుని, ఒక్క కప్పే, గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు పడింది. కాసేపటికి నా కళ్ళ ముందే దీపం ఆరిపోయింది.

అది చెడిపోవడం కాదు, నిద్రపోవడం. చుట్టూ ఏ అలికిడీ లేకపోతే కరెంటు మిగల్చడానికి పడుకోవడమనేది పాత బోర్డు అలవాటు. అది నేను కావాలని ఎంచుకున్నది కాదు. బ్యాటరీ కావాలని ఒక్కచోట అవునని పెట్టాను, దాని వెనకాలే ఈ నిద్ర వచ్చి చేరింది. మా పనిలో అలాంటివి ఉంటాయి, ఒకదానికి ఒప్పుకుంటే ఇంకో నాలుగు అడక్కుండానే ఒప్పుకున్నట్టు. పెళ్ళి కూడా అంతే అనిపించింది, ఒకదానికే తల ఊపాను నేను. పడుకున్న బోర్డుని లేపే వైరు పాతదాంట్లో ఒక పిన్నుకి ఉండేది. కొత్త బోర్డు బొమ్మ తెరిచి చూస్తే, గీసినవాళ్ళు దాన్ని ఇంకో పిన్నుకి మార్చారు, ఎవరికీ చెప్పలేదు. అంచేత ఇది పడుకుంటుంది గానీ లేవలేదు. రోగి నిద్రపోతున్నప్పుడు, నర్సు వేరే వార్డులో ఉన్నప్పుడు, ఎవరూ ముట్టుకోని మిషను మందు ఎక్కించడం మానేసి ఇలాగే పడుకుండిపోయేది. ఆ మాట అనుకున్నప్పుడు మాత్రం నా వేళ్ళు చల్లబడ్డాయి. మందు ఎక్కించే మోటారు తిరుగుతున్నంతసేపూ పడుకోకూడదని రాశాను, పిన్ను నంబరు మార్చాను. మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పడుకుంది. బటన్ నొక్కాను. లేచింది.

మేనేజరుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన నిజంగానే అదిరిపోయాడు. “బతికించావు. ఆస్పత్రికి పోయాక తెలిస్తే మన గతేమయ్యేది” అని ఆగి, “ఆ మార్పు గడ్డానికి పంపించెయ్యి, అతను చేర్చుకుంటాడు. బోర్డు అతనికే ఇస్తున్నాం కదా” అన్నాడు.

“శుక్రవారం చెప్తానన్నారు.”

“మీ ఆయన నిన్న ఫోన్ చేశాడుగా. అమ్మగారి ఆరోగ్యం, నీ అలసట, అన్నీ చెప్పాడు. నీకు మొహమాటం, నువ్వు చెప్పలేవన్నాడు. నువ్వే చెప్పమన్నావనుకున్నాను.”

మా ఆయనా మేనేజరూ ఒకే క్లాసులో చదువుకున్నారు. నా ఉద్యోగంలో ఏదైనా నాకంటే ముందు మా ఆయనకి తెలుస్తుంది. “మళ్ళీ చేస్తాను” అని పెట్టేశాను.

తలుపు తట్టాను. ఆ తలుపు తట్టడం నాకు అలవాటు లేదు. ఆయన బయటికొచ్చి టేబులు దగ్గర నిలబడ్డారు.

“మేనేజరుకి ఫోన్ చేశారా?”

“చేశాను. నీ మంచికే. ఆ బోర్డు తీసుకుంటే రోజూ లాబ్‌కి పోవాలి, ఇల్లేమైపోవాలి? నువ్వే అన్నావుగా మొన్న, అలిసిపోయానని.”

అన్నాను, నిజమే. సింకు నిండా గిన్నెలుంటే, వాటికేసి చూస్తూ అన్నాను. అలిసిపోయానంటే ఆయన సింకు దగ్గరికి వెళ్తారనుకున్నాను. ఫోన్ దగ్గరికి వెళ్ళారు. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు. రాకపోవడమే ఈసారి పనికొచ్చింది, గొంతు వణకలేదు. ఆయన అక్కడే ఉండగా మేనేజరు నంబరు నొక్కాను.

“నిన్న మీకొచ్చిన ఫోన్ నేను చేయించింది కాదండీ. నేను అలిసిపోయింది ఇంట్లో, బోర్డుతో కాదు. ఈ బోర్డు నేను తీసుకుంటాను. సోమవారం నుంచి లాబ్‌లో ఉంటాను. నాకు ఇవ్వకపోతే ఎందుకివ్వరో నాతో చెప్పండి, మా ఇంట్లోవాళ్ళతో కాదు.”

“అది కాదమ్మా, మీ ఆయన...” అని ఏదో మొదలుపెట్టి మానేశాడు. తర్వాత “సరే. ఇంకెవరికీ ఇవ్వను. సోమవారం రా” అన్నాడు.

అత్తగారు సోఫాలో నిటారుగా కూర్చున్నారు. “సోమవారం నుంచా? మరి మధ్యాహ్నం నా మాత్రలూ, ఆ కాలు కసరత్తూ?”

“మీ అబ్బాయి ఇంట్లోనే ఉంటారుగా అత్తయ్యా.”

ఆవిడ కొడుకుకేసి చూశారు. కోపంగా కాదు, మొదటిసారి చూస్తున్నట్టు. “నా మాత్రలేవో నీకు తెలుసురా?” అని అడిగారు. ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని నావైపు తిరిగారు.

“నన్ను ఒక్క మాట అడక్కుండా, సోమవారం నుంచి నా రోజంతా ఎలా గడవాలో నువ్వెలా నిర్ణయించేస్తావు?” అన్నారు.

ఆ ప్రశ్న నాది. పెళ్ళయినప్పట్నించీ గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అడగడానికి ఆయనకి ఒక్క సాయంత్రం కూడా పట్టలేదు.