వారానికో గది

మా అక్క కొడుకు పాస్టరు. అంతకుముందు కాలేజీలో సాహిత్యం చెప్పేవాడు. ఎవరికీ ఏదీ సొంతం కాని ఒక దీవి గురించి ఏదో పాత కథ చదివాడు. చదివి ఊరుకుంటే వాడు నా మేనల్లుడెందుకవుతాడు? సంఘంలోని కొన్ని కుటుంబాలను పోగేసి, మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ క్వార్టర్సులో కాపురం పెట్టించాడు. అక్కడ 'నాది' అనడమే పాపం. ఒకావిడ పన్ను సలుపుతుంటే "మన పన్ను" అని మూలిగేదంటే మీరు నమ్మరు. నమ్మకండి, నేనూ సగమే నమ్ముతాను.

గదుల మీద మమకారం పెరగకూడదని ఆదివారం ఆరాధన కాగానే చీట్లు తీసేవారు. ఎవరికి ఏ గది వస్తే వారమంతా వాళ్ళు అందులో ఉండాలి.

కళ్ళున్నవాళ్ళకు అదొక వేడుక. మా అక్కకు చూపు పోయింది. మంచం పట్టె తడుముకుని గోడ, గోడ పట్టుకుని గుమ్మం, అక్కణ్ణించి స్నానాలగది. ఆ దారి చేతికి అలవాటయ్యేసరికి మళ్ళీ ఆదివారం. ఒకసారి బీరువా తలుపు తీసి, గుమ్మమనుకుని లోపలికి నడిచింది. నుదురు బొప్పికట్టింది. అందరూ నవ్వారు, ఆమె కూడా.

ఆమె కోరింది ఒక్కటే, పోయేదాకా ఒకే గదిలో ఉండనివ్వమని. కొడుకు ఒప్పుకోలేదు. తల్లికని నియమం సడలిస్తే రేపు తలా ఒక అమ్మను తెచ్చి చూపిస్తారన్నాడు. లోకాన్ని పట్టుకున్న చెయ్యి దేవుణ్ణి పట్టుకోలేదని ప్రసంగం కూడా చేశాడు. బాగానే చేశాడు. మా అక్క ముందు వరసలో కూర్చుని వింది.

నాకు ఒళ్ళు మండింది. "ఒరేయ్, ప్రభువు పైన మనకు చోటు సిద్ధం చేస్తానన్నాడు కదా, అక్కడా వారంవారం చీట్లేనా?" అన్నాను.

"ఎగతాళి వద్దు మామయ్యా. దేన్నీ పట్టుకుని వేలాడకూడదంటున్నాను, అంతే."

"మరి నువ్వు ఆ చీట్ల డబ్బాను పట్టుకుని వేలాడుతున్నావే."

వాడు డబ్బా చంకలో పెట్టుకుని ప్రార్థనకు వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగేసరికి అక్క అడగడం మానేసింది. ఏ గదికి తీసుకెళ్ళినా బస్సు కోసం ఆగినట్టు మంచం చివర కూర్చునేది. సంచిలోంచి బట్టలు తీసేది కాదు. మమకారం తెంచుకోవడమంటే అదీ అని సంఘమంతా మెచ్చుకుంది.

తర్వాత జ్వరం పట్టుకుంది, వదల్లేదు. అప్పుడు వాడి గుండె కరిగింది. వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఇక ఈ గది నీదే. నిన్నెక్కడికీ మార్చం."

"ఎవరండీ?"

"నేనమ్మా, నీ కొడుకుని."

"ఇక్కడ ఎవరికెవరూ ఏమీ కారు కదా పాస్టరుగారూ. మీరే నేర్పారు" అంది.

ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, నేనన్నా నవ్వేవాణ్ణి. మెల్లగా చెయ్యి విడిపించుకుని, సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"వచ్చేవారం ఏ గదో ముందే చెబితే లేచి ఉంటాను" అంది.

వచ్చేవారం దాకా ఆమె ఉండలేదు. ఆ గదికి వాడు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. ఎవరడిగినా అది మా అమ్మ గది అంటున్నాడు. ఒక గది తక్కువై, మిషను కుట్టే ఆయన పెళ్ళాంబిడ్డలతో వరండాలో పడుకుంటున్నాడు.