ఇరవై నాలుగో అధ్యాయం

బాయిలరు కుళాయి కింద కెటిల్ పెట్టి, అది నిండేలోపు గ్లెనిస్ ఏప్రాన్ జేబులోంచి ఫోను తీసింది. పొద్దున్నించి అది పదకొండోసారి. ఈసారి ఈమెయిలు ఒకటి వచ్చి ఉంది. తెరిచి చూస్తే పళ్ళ డాక్టరు, చూపించుకుని ఆరు నెలలైంది రమ్మని. ఈలోగా నీళ్ళు పొంగి వేళ్ళు కాలాయి.

"ఏం రచయిత్రిగారూ, సిడ్నీ దొరసాని కరుణించిందా?" బంగాళాదుంపలు చెక్కుతూ అడిగాడు వంటాయన క్లైవ్.

"నీ పని నువ్వు చూసుకోవయ్యా మహానుభావా!"

గ్లెనిస్‌కు యాభై ఎనిమిదేళ్ళు. బర్నీ ఊరి చివర ఈ వృద్ధాశ్రమంలో పంతొమ్మిదేళ్ళుగా టీ బండి తోస్తోంది. బండి ముందు చక్రం ఎడమకు లాగుతుంది. దాన్ని దారిలో పెట్టీ పెట్టీ ఆమె కుడి భుజం కాస్త కిందికి జారింది, ఎడమ బూటు మడమ ఒకవైపే అరిగింది. ఆరేళ్ళపాటు డ్యూటీకి ముందు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక నవల రాసింది. రచయితల తరఫున పుస్తకాలు బేరం పెట్టే ఏజెంటు చెయ్యి పడందే పెద్ద ప్రచురణకర్తల్లో చాలామంది కాగితం ముట్టరని విని, పన్నెండుమంది ఏజెంట్లకు పంపింది. తొమ్మిదిమంది మాకు నప్పదన్నారు. ఇద్దరు ఉలకలేదు పలకలేదు. సిడ్నీ ఆవిడ ఒక్కతే నవల మొత్తం పంపమంది. పన్నెండు వారాల్లో జవాబు రాకపోతే వద్దన్నట్టే అనుకోవాలట. ఎవరు పెట్టారో గానీ ఏం నియమమండీ! కాదని చెప్పడానికి కూడా నోరు రాదన్నమాట. ఆ పన్నెండు వారాలు ఇవాళ్టితో నిండుతున్నాయి.

తొమ్మిదో గదిలో ఊనా కిటికీ పక్కన కుర్చీలో ఉంది. తొంభై ఒకటి దాటిన మనిషి, ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరందరి మాటలూ కలిపింది. నవలను ఇంతవరకూ చదివింది ఆమె ఒక్కతే. బిస్కెట్ల పళ్ళెం కింద దాచి తెచ్చిన అధ్యాయాలు ఇరవై మూడు అయిపోయాయి.

"వచ్చిందా?"

"లేదండీ."

"ఏజెంటు గొడవ కాదే. నా చివరి అధ్యాయం!"

"ఆవిడ ముగింపు మార్చమంటే మళ్ళీ రాయాలి కదా. ఒకే దాన్ని రెండుసార్లు ఏం చదువుతారు?"

"నా వయసులో రెండుసార్లు ఏదీ రాదు. నీ కథలో డల్సీ ఓడ ఎక్కుతుందా లేదా? అంత మాత్రం చెప్పు."

"చెప్పేస్తే ఇంక మజా ఏముంది?"

గ్లెనిస్ అందించిన కప్పు ఊనా పట్టుకోలేదు, కిటికీ గట్టు మీద పెట్టమని సైగ చేసింది. ఆమె చేతులు ఇవాళ మరీ నీలంగా ఉన్నాయి. "నాకూ ఓసారి ఓడ టికెట్టు కొన్నారు," అంది. "డెవన్‌పోర్ట్ రేవు దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. అందుకే అడుగుతున్నా. ఎక్స్ఛేంజీలో ఎందరినో లైన్లో ఉండండి అని చెప్పి మర్చిపోయిన పాపం నాదీ కొంచెం ఉందిలే. ఇప్పుడు ఆగడం నా వంతు."

గ్లెనిస్ నవ్వేసి బండి తిప్పుకుంది. పక్క గదులకు పోయాల్సిన టీ చల్లారిపోతోంది.

మధ్యాహ్నం మళ్ళీ ఫోను చూసింది. ఏమీ లేదు. పన్నెండు వారాలపాటు ఒక మనిషి తనని వేలాడదీస్తే ఎంత మండిపోయిందో, తనూ ఊనాను అచ్చం అలాగే వేలాడదీసిందని అప్పుడు తట్టింది. ఛీ, అనుకుంది. భోజనం మానేసి ఆఫీసులో గంటసేపు కాచుకుని చివరి అధ్యాయం పద్నాలుగు పేజీలు అచ్చు తీయించుకుంది. అవి ఇంకా వెచ్చగా ఉండగానే బిస్కెట్ల పళ్ళెం కింద పెట్టి బండి తోసింది.

తొమ్మిదో గది తలుపుకు ఊదారంగు గుడ్డపువ్వు కట్టి ఉంది. ఎవరైనా పోతే కట్టే పువ్వు అది. టీ బండి ఆ గది దాటి వెళ్ళిపోవాలి.

"లంచ్ తర్వాత కునుకు తీసింది," అంది నర్సు ట్రేసీ మెల్లగా. "లేపితే లేవలేదు. నిన్ను పిలుద్దామనుకున్నా గ్లెన్, ఎక్కడా కనబడలేదు."

గ్లెనిస్ బండిని గోడకు ఆనించి లోపలికి వెళ్ళింది. ఊనాను మంచం మీదికి మార్చి, జుట్టు దువ్వి ఉంచారు. గ్లెనిస్ కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. పద్నాలుగు పేజీలూ ఒళ్ళో పెట్టుకుని, చివరి పేజీ పైకి తీసింది.

"ఎక్కింది ఊనాగారూ," అంది చివరికి. "డల్సీ ఓడ ఎక్కేసింది. పొద్దున్నే చెప్పాల్సింది. నన్ను క్షమించండి." భోరున ఏడ్చింది. జేబులో ఫోను ఉందన్న సంగతే ఆమెకు గుర్తులేదు.

కిటికీ గట్టు మీద ఇరవై మూడో అధ్యాయం ఉంది. దాని చివరి పేజీ అడుగున వణికిన అక్షరాలతో, "గ్లెనిస్, నేనింకా లైన్లోనే ఉన్నాను" అని రాసి ఉంది. కాగితం ఎగిరిపోకుండా దాని మీద పెట్టిన టీ కప్పులో, పొద్దున్న పోసిన టీ పోసినట్టే ఉంది.