గాజు పలక మీద తెల్ల గీత

అగార్ అనే నాచుజిగురు కరుగుతోంది. ఇష్తియాక్ హుసేన్ బీకరును పాతగుడ్డతో పట్టుకుని మరుగుతున్న నీళ్లలో మెల్లగా తిప్పుతున్నాడు. పొంగనిస్తే పనికిరాదు, తొందరపడి దింపితే ఉండలు మిగిలిపోతాయి. పాయసం కాచేవాళ్లకుండే ఓపిక కావాలి దానికి. బీకరులో మబ్బుగా ఉన్నది తేటపడ్డాక, బల్లమీద వరసగా పరిచిన గాజు పలకల మీద పలుచగా పోశాడు. కిటికీ రెక్కలు మూశాడు. గట్టిపడేలోగా దుమ్ము పడిందంటే చేసిందంతా వృథా.

మనిషి యాభై దాటినవాడు. పొడుగు, ఆ పొడుగుకి తగ్గట్టు కొంచెం వంగుడు. ఎప్పుడూ ఏదో సొరుగులోకి తొంగిచూస్తున్నట్టుంటాడు. కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతుంది. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో మందునీళ్లు పడి పచ్చబడింది, మళ్లీ తెల్లబడలేదు. తెల్లకోటుకి గుండీలు రెండే మిగిలాయి. మూడోది కుట్టిస్తానని ఆయన బేగమ్ సల్మా పెళ్లయిననాటినుంచీ అంటోంది. పిల్లల్లేరు. "నాకు సవతి లేదని ఎవరన్నారు? ఆసుపత్రి నేలమాళిగలో ఫ్రీజరుంది కదా" అని ఆమె ఎవరొచ్చినా చెప్పి నవ్విస్తుంది.

లక్నోలో అది పాత ఆసుపత్రి. పైన వార్డులు, కింద నేలమాళిగలో డాక్టర్ నిగమ్ మేడమ్ ప్రయోగశాల. ఇష్తియాక్ అక్కడ గాజుసామాను కడిగే పనిలో చేరాడు. తర్వాత కుందేళ్లకు మేత వేశాడు. తర్వాత వాటి చెవులనుంచి రక్తం తీయడం నేర్చుకున్నాడు. వాళ్ల నాన్న చౌక్‌లో గాలిపటాలు అంటించేవాడు. ఆ చేతి పనితనం కొడుక్కి వచ్చింది. కానీ నాన్న నోట మెచ్చుకోలు ఒక్కనాడూ రాలేదు. ఇంటర్మీడియట్ తప్పినప్పుడు బడి మాస్టర్లూ మెచ్చుకోలేదు. ఆసుపత్రిలో ట్యూబు పగిలితే కేక వినబడేది, పగలకపోతే ఎవరికీ అతని పేరు గుర్తొచ్చేది కాదు. అతనికి అలవాటైపోయింది. అలవాటైందంటే ఆకలి తీరిందని కాదు.

అగార్ గట్టిపడింది. ఇత్తడి గొట్టంతో పలక మధ్యలో ఒక చిల్లు, దాని చుట్టూ ఆరు చిల్లులు పొడిచాడు. మధ్య చిల్లులో మనిషి రక్తంనుంచి తీసిన సీరం పోస్తారు. చుట్టూ రకరకాల డీఎన్ఏ. రెండూ ఆ జిగురులో పాకుతూ ఒకదానికొకటి ఎదురొస్తాయి. ఒకదాన్నొకటి గుర్తుపడితే, కలిసినచోట సన్నని తెల్ల గీత పడుతుంది. గుర్తుపట్టకపోతే ఏమీ ఉండదు, గాజు గాజులాగే ఉంటుంది.

డీఎన్ఏ అన్నది కుడివైపు మెలి తిరిగిన తాడు. అందరికీ తెలిసిందే. అందులో ఎక్కడో కాస్త మేర, ఎప్పుడో కాసేపు, ఎడమవైపు మెలిక పడుతుందట. ఎందుకు పడుతుందో, ఎక్కడ పడుతుందో తెలుసుకోవాలని మేడమ్ తపన. కంటికి కనబడదు కాబట్టి దాన్ని పట్టుకునే ప్రతిరక్షకం కావాలి. కుందేళ్లకు ఎడమ మెలిక డీఎన్ఏ ఎక్కించి చూశారు. వాటి సీరం కుడినీ పట్టుకుంది, ఎడమనీ పట్టుకుంది, ఆఖరికి దేనికీ అక్కరకు రాలేదు.

అప్పుడు దొరికింది కనీజ్ ఫాతిమా. ఇరవయ్యేళ్ల పిల్ల, గుడ్డమీద తెల్లదారంతో పువ్వులు కుట్టే చికన్ పని చేసుకునేది. ఎండలోకొస్తే బుగ్గలు కందిపోయి, కీళ్లు పట్టేసి, పై వార్డులో చేరింది. లూపస్ అన్నారు. ఒంట్లోని కాపలావాళ్లే ఇల్లు దొంగదనుకుని తమ ఇంటిమీదే పడే జబ్బు. ఆమె ప్రతిరక్షకాలు మాత్రం ఎందుకోగానీ ఎడమ మెలికనే వెతికి పట్టుకున్నాయి. కుడివైపు మెలిక వంక తిరిగైనా చూడలేదు. అలాంటి సీరం మళ్లీ ఎవరిలోనూ కనబడలేదు. అప్పటినుంచీ నెలకోసారి, మొదటి గురువారం, ఆమె నేలమాళిగకు వస్తోంది. ఎడమచేయి చాపుతుంది. ఇష్తియాక్ ఒక ట్యూబు రక్తం తీసుకుంటాడు. బజారు కబుర్లు రెండు చెబుతాడు. ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోతుంది.

పైన డాక్టర్లు ఆమెకు మాత్రలు పెట్టారు. మాత్రలు పనిచేశాయి. కీళ్లు వదిలాయి, బుగ్గల మీది ఎరుపు పోయింది, మొహం మాత్రం పూరీలా ఉబ్బింది. గీత పలచబడి, పలచబడి, ఓ ఏడాదిగా అసలు పడటమే మానేసింది. మేడమ్ రాస్తున్న వ్యాసం సగంలో ఆగింది. ఇష్తియాక్ ప్రతి నెలా ఖాళీ పలక పట్టుకుని, "ఈసారీ లేదు బిటియా" అని ఆమెతోనే వాపోయేవాడు.

పోయిన నెల గీత పడింది. మామూలు గీత కాదు, సుద్దముక్కతో గీసినట్టు పడింది. అతను పలకను దీపానికి ఎత్తి చూసుకుని, మెట్లమీద తూలుకుంటూ పైనున్న మేడమ్ గదికి పరిగెత్తాడు. మేడమ్ చూసింది. చాలాసేపు చూసి, "శభాష్ ఇష్తియాక్ మియా! నీ చెయ్యి లేకపోతే ఇది అయ్యేది కాదు" అంది. అలాంటి మాట అతను జీవితంలో వినడం అదే మొదటిసారి. అప్పుడే ఏదో చీటీ కోసం ఆసుపత్రికి వచ్చిన కనీజ్ వరండాలో కనబడితే, కిందకు పిలిచి, పలక చూపించి, జాంగ్రీల్లాంటి ఇమర్తీలు తెప్పించి తన చేత్తో తినిపించాడు.

జబ్బు పొంగితేనే గీత లావవుతుందని అతనికి తెలియదా? తెలుసు. మేడమ్ ఏనాడో చెప్పింది. ఆ రాత్రి ఇంటికెళ్లి పడుకున్నాక గుర్తొచ్చింది కూడా. కానీ పరిశోధన పలకలు రోగి కాగితాల్లోకి వెళ్లవు, అది అక్కడి పద్ధతి. పైన అంతమంది డాక్టర్లున్నారు, వాళ్లు చూసుకోరా అనుకున్నాడు. అనుకుని నిద్రపోయాడు. నెలంతా ఆ శభాష్ చప్పరిస్తూనే గడిపాడు.

ఇవాళ మొదటి గురువారం. పొగమంచు విడిచేసరికి కనీజ్ తలుపు దగ్గర కనబడింది. నల్లటి శాలువా నిండా కప్పుకుంది.

"రా బిటియా. నయీం రాలేదా?"

"అన్నయ్య గేటుదాకా దించి వెళ్లాడు చచాజాన్. తందూరులో షీర్మాల్ రొట్టెలు మాడిపోతాయని ఒకటే తొందర. చెల్లెలు మాడినా ఫర్వాలేదు ఆయనకి." ఆగి ఊపిరి పీల్చుకుంది. "మెట్లు ఎక్కువయ్యాయేంటి మీ దగ్గర?"

"మెట్లు అన్నే ఉన్నాయి. నువ్వు ముసలిదానివయ్యావు."

ఆమె నవ్వి స్టూలు మీద కూర్చుని చేయి చాపింది. అతను రబ్బరుపట్టీ బిగించి, నరం మీద దూదితో తుడిచి, సూది గుచ్చాడు. రక్తం ట్యూబులోకి దిగడం మొదలైంది.

"ఈసారి గీత పోయిన నెలకన్నా లావుగా పడుతుంది, చూస్తూ ఉండండి" అంది కనీజ్.

"నీకెలా తెలుసు?"

"నేనే కదా పడేలా చేసింది." మొహం వెలిగిపోతోంది. "మాత్రలు మానేశాను. చలి మొదలైనప్పుడే. అవి మింగినన్నాళ్లూ మీ గీత రానే లేదు. మీరేమో ప్రతిసారీ మొహం వేలాడేసుకునేవారు. ఇంటికెళ్లి వదిన దగ్గర ఏడ్చాను. 'మాత్రలు నీ ఒంట్లో సత్తువంతా కడిగేస్తున్నాయేమోనే, కొన్నాళ్లు ఆపి చూడు' అంది. ఆపాను. గీత పడింది! మొహం వాపు కూడా తీసింది. ఇదివరకు మా గల్లీ ఆడవాళ్లు, 'ఏమే, అన్నయ్య నిన్ను మీగడలో ముంచుతున్నాడా' అని ఏడిపించేవాళ్లు. ఇప్పుడు నోళ్లు మూతపడ్డాయి."

ట్యూబు సగం నిండింది. ఇష్తియాక్ సూది బయటికి లాగేశాడు.

"ఏం చచాజాన్, ఇంకా నిండలేదుగా?"

"పై డాక్టరుకి చెప్పావా?"

"ఆయన అడగలేదు. మొహం బాగుపడింది, మంచిదే అన్నాడు."

"బిటియా..." సూది గుచ్చినచోట దూది నొక్కాడు. "ఆ గీత పడటం నీకు మంచిది కాదమ్మా."

కనీజ్ అతన్ని ఎగాదిగా చూసింది. వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. "మరి ఇమర్తీ ఎందుకు తినిపించారు?" అంది నవ్వుతూ.

ఆమె చేయి ఇంకా చాచే ఉంది. ఇన్నేళ్లుగా అతను చూసింది ఆ మోచేతి మడత ఒక్కటే. ఇప్పుడు కిందికి చూశాడు. పాదాలు రెండూ ఉబ్బి, చీలమండల ఎముక ఎక్కడుందో తెలియకుండా ఉన్నాయి. కళ్లకింద నీరు పట్టింది. కూర్చున్నా ఆయాసం తగ్గలేదు. వాపు మొహంనుంచి పోలేదు, కిందికి దిగిందంతే.

"రామ్‌దులారే! కుర్చీబండి తీసుకురా!" అని అరిచాడు. అతను అరవడం విని ఎరగని నౌకరు రామ్‌దులారే ఉరుక్కుంటూ వచ్చాడు. కనీజ్ నడుస్తానంది. ఇద్దరూ కలిసి ఎత్తి కూర్చోబెట్టి, కుర్చీతోసహా మెట్లెక్కించారు.

"బేగమ్ సాహిబా సవారీ వస్తోంది, తప్పుకోండి, తప్పుకోండి" అని రామ్‌దులారే వరండా పొడుగునా కేకలు వేసుకుంటూ తోశాడు. ఆమె శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో దగ్గు వచ్చింది.

ఆడవాళ్ల వార్డులో కుర్ర డాక్టర్ టాండన్ ఆమె కాలిమీద వేలితో నొక్కి తీశాడు. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. అతని మొహంలో నిద్రమత్తు వదిలింది.

"మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మాత్రలు ఎవరు మానమన్నారు?"

"ఎవరూ అనలేదు సాబ్" అంది కనీజ్. అంటూ ఇష్తియాక్ వైపు ఒకసారి చూసి తల దించుకుంది. అతన్ని కాపాడాలనుకుంది ఆ పిల్ల.

నా వల్లేనండీ, నేనే ఆ పలక చూపించి మురిసిపోయానండీ అని అతను అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. తలుపు పక్కన నిలబడి, కోటుకి లేని గుండీ దగ్గర దారం లాగుతూ ఉండిపోయాడు. నర్సు వచ్చి, "మగవాళ్లు బయటికి నడవండి" అంది. నడిచాడు.

కిందికొచ్చి మేడమ్‌కు చెప్పాడు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయ్యో, నిజమా? నేనిప్పుడే టాండన్‌తో మాట్లాడతాను" అని ఫోను అందుకుంది. పెద్ద డాక్టరుతోనూ మాట్లాడింది. కావలసిన మందు ఎక్కించమంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఫోను పెట్టేసి, "రక్తం సగమైనా వచ్చిందన్నావు కదా? పలక వేసి ఉంచు. మందు పడ్డాక మళ్లీ ఈ సీరం మనకు దొరకదు" అంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నిప్పడిగింది మేడమే అయినా, అందించబోయే చెయ్యి తనదేనని ఇష్తియాక్‌కు తెలుసు.

అయినా వేశాడు. ఇన్నేళ్ల అలవాటు. గడ్డకట్టిన రక్తాన్ని యంత్రంలో తిప్పి, పైన తేలిన పచ్చటి సీరాన్ని తీసి, మధ్య చిల్లులో ఒక్కో చుక్కే వదిలాడు. చెయ్యి వణకలేదు. వణికుంటే బాగుండేదనుకున్నాడు. పలకను తడిగుడ్డ పరిచిన డబ్బాలో పెట్టి మూత వేశాడు. మధ్యాహ్నం రొట్టె తినలేదు. రెండుసార్లు పైకి వెళ్లాడు. రెండుసార్లూ నర్సు తలుపులోంచే, "మందు ఎక్కుతోంది, పడుకుంది" అని పంపేసింది. మళ్లీ పైకి వెళ్లినప్పుడు ఆమెతో ఏమనాలో మెట్లమీదే మాటలు కూర్చుకున్నాడు. తప్పు నాది బిటియా అనాలి. గీత పడకపోతేనే నాకు సంతోషమనాలి. ఇకముందు గీత పడని ప్రతి నెలా ఇమర్తీ తినిపిస్తానని చెప్పాలి. ఆ చివరి మాట నచ్చింది అతనికి. అది వింటే ఆమె నవ్వుతుంది.

పొద్దు వాలుతుండగా మేడమ్ డబ్బా మూత తీసి చూసినట్టుంది. "ఇష్తియాక్ మియా! ఇలా రా, చూడు! సాయంత్రానికే పడింది! ఇంత గీత నేనెన్నడూ చూడలేదు" అని కేక వేసింది. పలకను దీపానికి ఎత్తి పట్టుకుని నిలబడింది. అతను అటు చూడకుండా పక్కనుంచి దాటి మెట్లెక్కాడు.

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి తీసేసి ఉంది. పరుపు మీద తడిగుడ్డతో తుడుస్తున్న ఆయా తల ఎత్తింది.

"ఆ కుట్టుపని పిల్లా? సాయంత్రం అసర్ నమాజు అయిన కాసేపటికే పోయింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట. ఎంత ఎక్కించినా దిగలేదు పాపం. వాళ్ల అన్న వచ్చి తీసుకెళ్లాడు, చీకటి పడకుండా ఇంటికి చేర్చాలని. పిచ్చివాడిలా అయిపోయాడు." గుడ్డ బకెట్లో పిండింది. "మీరేనా కింద రక్తం తీసే ఆయన? చివర్లో మీ కోసం అడిగింది. పలక చూశారా, పలక చూశారా అంటుంది. మాకేం అర్థమైంది? కలవరింత అనుకున్నాం."

ఇష్తియాక్ మంచం పట్టె మీద చెయ్యి వేశాడు. ఇంకా చల్లబడి ఉండదనుకున్నాడేమో. ఇనుము ఎప్పటిలాగే చల్లగా ఉంది. కూర్చుకున్న మాటలన్నీ అతని నోట్లోనే ఉండిపోయాయి. ఆ పిల్లకు తన ఒళ్లంతా తనకు శత్రువైన జబ్బు, ఆ జబ్బుకి అతను మిఠాయి పెట్టాడు. అంతకుమించి ఏమీ ఆలోచించలేకపోయాడు. ఏడుపు వచ్చింది. ఆయా చూడకూడదని కళ్లజోడు పెట్టుకున్నాడు.

కిందికి దిగేసరికి మేడమ్ వెళ్లిపోయింది. దీపాలు ఆర్పి, ఫ్రీజరు తలుపు ఒకసారి నొక్కి చూసి, బయటికొచ్చి తాళం వేయబోయాడు. చీపురు పట్టుకున్న రామ్‌దులారే గోడవైపు చూపించాడు.

"మియా సాబ్, ఇవి ఎవరివి? పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాయి."

గుమ్మం పక్కన ఒక జత చెప్పులు ఉన్నాయి. మగవాళ్లవి, నయీంవే అయ్యుంటాయి, వాచిన పాదాలు తన చెప్పుల్లో పట్టక కనీజ్ వేసుకొచ్చినట్టుంది. కుడిదాని పట్టీ ఎప్పుడో తెగితే, మలమలు గుడ్డ మీద పువ్వులు కుట్టే తెల్లదారంతో, బియ్యపుగింజంత ముళ్లు పక్కపక్కన వేసి, చాలా శ్రద్ధగా కుట్టి ఉంది.